టైరు లైటు వెలగడం లేదని నమ్మి పాత కారు కొనకండి

మహబూబ్‌నగర్ వైపు సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవారు డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి. నాకు కారు అమ్మిన వ్యాపారి టైరులో గాలి తగ్గిందని చెప్పే లైటును రీసెట్ చేసి ఆర్పేశాడు. టైరును మాత్రం ముట్టుకోలేదు.

"లైటు లేదంటే టైర్లు బాగున్నట్టే సార్" అన్నాడు. పిల్లలతో బయలుదేరి, భూత్పూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేసరికి స్టీరింగ్ ఎడమకు లాగడం మొదలైంది. పంక్చర్ షాపులో మీటరు పెట్టి చూస్తే మూడు టైర్లలో గాలి ఒత్తిడి 32, 33 పీఎస్‌ఐ ఉంది. ముందు ఎడమ టైరులో 19. తుప్పు పట్టిన మేకు అందులోనే దిగి ఉంది. గాలి తక్కువైన టైరు పక్క భాగం అతిగా వంగుతూ లోలోపల వేడెక్కుతుంది. మన ఎండల్లో, హైవే వేగంలో అది పగిలితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ కోపం ఆగడం లేదు.

ఆ లైటు ఎలా మోసపోతుందో తెలుసుకోండి. చాలా కార్లలో టైరు లోపల సెన్సర్ ఉండదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కోసం చక్రాల దగ్గర పెట్టిన వేగం సెన్సర్లే ఈ పని కూడా చేస్తాయి. గాలి తగ్గిన చక్రం కాస్త ఎక్కువసార్లు తిరుగుతుంది, ఆ తేడా చూసి లైటు వెలుగుతుంది. రీసెట్ నొక్కితే అప్పుడున్న స్థితినే సరైనదిగా నేర్చుకుంటుంది. అంటే గాలి లేని టైరుతో నొక్కితే, అది ఇంకా బాగా దిగిపోయేదాకా లైటు నోరు మెదపదు. నాలుగు టైర్లలో గాలి సమానంగా తగ్గినా ఈ పద్ధతి సరిగా పసిగట్టలేదు.

టైరు లోపల సెన్సర్లున్న కార్లలో చాలావాటికి ఒక్కో టైరు గాలి తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. అంకెల బదులు గీతలుంటే సెన్సర్ పాడై ఉండవచ్చు, లేదా తీసేసి ఉండవచ్చు. వాటి బ్యాటరీ సాధారణంగా అయిదు నుంచి పదేళ్లు వస్తుంది, తర్వాత సెన్సర్ మొత్తం మార్చాల్సిందే.

కారు చూడటానికి ఉదయమే వెళ్లండి, టైర్లు చల్లగా ఉండగానే. మీటరు మీరే తీసుకెళ్లండి. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన అతికించిన కాగితంలో ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని పట్టించుకోకండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పినప్పుడు ఆ పసుపు లైటు ఒక్క క్షణం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని పనిచేయకుండా చేశారని అనుమానించండి. దాదాపు నిమిషంపాటు మినుకుమని, తర్వాత ఆగకుండా వెలుగుతూ ఉంటే లోపం గాలిలో కాదు, వ్యవస్థలోనే ఉంది.

కొన్నాక పంక్చర్లు వేయించి, నాలుగింటికీ సరిపడా గాలి కొట్టించి, ఆ తర్వాతే రీసెట్ చేయండి. మెనూలోనో బటన్‌తోనో, మీ కారు పుస్తకంలో చెప్పినట్టు. తర్వాత కొంతదూరం మామూలు వేగంతో నడపాలి, అప్పుడే అది కొత్త లెక్క నేర్చుకుంటుంది.

స్టెప్నీ సంగతీ అడగండి. ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ హెచ్చరిక వ్యవస్థ, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకున్నా ఫరవాలేదని 2020లో నిబంధన మార్చారు. అలాంటి కారులో లైటు అబద్ధం చెబితే దారిలో మీకు మరో చక్రం కూడా ఉండదు.

వ్యాపారికి ఫోను చేస్తే "బండి అప్పజెప్పాక మాకు సంబంధం లేదు" అని పెట్టేశాడు. అందుకే నాలుగు టైర్ల గాలి అంకెలు అమ్మకపు కాగితం మీద రాయించి, అతనితో సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.