మా ఊరి కంది ప్రోటీన్: రెండు పొట్లాలు, వెనక గేటు దగ్గర ఒక బస్తా

తాండూరులో ఒక పప్పుమిల్లులో 31 ఏళ్లు లెక్కలు రాశాను. గుప్పెడు కందులు చేతిలోకి తీసుకుంటే తేమ ఎంతుందో, పుచ్చు ఎంతుందో చెప్పగలను. అలాంటి నేను ప్రోటీన్ పొడి కొనుక్కుని కలుపుకుని తాగుతానని ఎన్నడూ అనుకోలేదు. రెండేళ్ల కిందట చక్కెర వ్యాధి బయటపడింది. అన్నం సగానికి తగ్గించి ప్రోటీన్ పెంచమని డాక్టరు చెప్పారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వెంటనే పాల విరుగుడుతో చేసిన పొడి డబ్బా ఒకటి పంపించింది. తాగితే వెనిల్లా వాసన, మధ్యాహ్నం దాకా తేన్పులు. ఆ డబ్బాలో ఇప్పుడు మా ఆవిడ ఎండుమిరపకాయలు పోసుకుంటోంది.

అంతలో మా కందుల నుంచే ప్రోటీన్ తీసే చిన్న కర్మాగారం ఊరికి కాస్త దూరంలో మొదలైందనీ, ముందు గదిలో చిల్లరగా కూడా అమ్ముతున్నారనీ తెలిసింది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నడుపుతున్న కుర్రాడి మీద నాకు కోపం లేదు, కానీ చెప్పక తప్పని తప్పు ఒకటి ఉంది. అది తర్వాత.

అక్కడ దొరికేవి రెండు రకాలు. మొదటిది 55 శాతం ప్రోటీన్ ఉన్న పొడి, కిలో 380 రూపాయలు. రెండోది 80 శాతం ఉన్నది, అరకిలో 640. రెండు పొట్లాల మీదా ‘తాండూరు కంది’ అని పెద్ద అక్షరాలు, పక్కన పూత పూసిన కంది కొమ్మ బొమ్మ. 2022లో మా కందికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ రెండు మాటలకు బరువు పెరిగింది మరి.

ఇంటికి రాగానే లెక్క వేశాను. ఉద్యోగం మానినా ఆ బుద్ధి మానలేదు. 55 రకంలో కిలోకి 550 గ్రాముల ప్రోటీన్, అంటే గ్రాము 69 పైసలు. 80 రకంలో గ్రాము రూపాయి 60 పైసలు. మామూలు కందిపప్పులో వంద గ్రాములకు 22 గ్రాముల దాకా ఉంటుంది. కిలో 140కి కొన్నామనుకుంటే గ్రాము 64 పైసలే. కాబట్టి డబ్బు మిగులుతుందని ఈ పొడి కొనేవాళ్లు హాయిగా పప్పు వండుకోండి. నాబోటివాళ్లకు లాభం వేరే చోట ఉంది. పప్పుతో 20 గ్రాముల ప్రోటీన్ రావాలంటే 90 గ్రాముల పప్పు తినాలి, అందులో సగానికి పైగా పిండిపదార్థమే. ఈ పొడి అయితే 36 గ్రాములు చాలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. నా 62 కిలోలకు 51 గ్రాములు. పప్పూ పెరుగూ పోను మిగిలిన లోటు పూడ్చుకోవడానికి రెండు చెంచాలు సరిపోతాయి, డబ్బాలకు డబ్బాలు అక్కర్లేదు.

మొదటి రాత్రి 55 రకం పొడిని రెండు చెంచాలు మజ్జిగలో కలుపుకుని తాగాను. ఉండలు కట్టింది, పచ్చి కందికాయ కొరికినట్టు పసరు వాసన వేసింది. అది పెద్ద విషయం కాదు. తెల్లవార్లూ కడుపు మద్దెల మోగింది. నిద్ర లేదు, పక్కనున్న మా ఆవిడకూ లేదు. “ఏమండీ, ఆ పొడి గేదెకు పెట్టేదేమో, ఒకసారి కనుక్కోండి” అంది. పొద్దున్నే పొట్లం పట్టుకుని బయలుదేరాను.

మిల్లులో పని చేసినవాణ్ణని చెప్పగానే కుర్రాడు లోపలికి తీసుకెళ్లాడు. చూశాక సగం కోపం అక్కడే పోయింది. వాళ్లు పప్పు కొనడం లేదు, చుట్టుపక్కల మిల్లుల నుంచి నూక కొంటున్నారు. నేను లెక్కలు రాసిన రోజుల్లో నూకకూ చున్నీకీ (పొట్టుతో కలిసి వచ్చే పొడికీ) విడిగా ఒక పుట ఉండేది, దాని వంక యజమాని కన్నెత్తి చూసేవాడు కాదు. ఆ నూకను ఈ కుర్రాడు పిన్ మిల్లులో మెత్తగా, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఆడిస్తాడు. తర్వాత గాలి. గంజిపిండి రేణువులు పెద్దవి, ప్రోటీన్ రేణువులు వాటిలో పదో వంతు కూడా ఉండవు. లోపల తిరిగే చక్రం గాలిని సుడి తిప్పుతుంటే సన్నవి గాలితో పాటు ఒక గొట్టంలోకి పోతాయి, లావువి పక్కకు పడిపోతాయి. అద్దం కిటికీలోంచి చూస్తుంటే మా అమ్మ అరుగు మీద కూర్చుని చేటతో చెరగడం గుర్తొచ్చింది. పని అదే, చేట మారింది. నాలుగు బస్తాల నూక పోస్తే ఒక బస్తా ప్రోటీన్ పొడి వస్తుందట. నీరు లేదు, మందు లేదు.

నా కడుపు సంగతి అప్పుడు తేలింది. ఈ పద్ధతిలో ఎక్కడా వేడి తగలదు, కడగడమూ ఉండదు. పచ్చి పప్పులో అరుగుదలను అడ్డుకునేవి, గాలి పుట్టించేవి ఏవైతే ఉంటాయో అవన్నీ ప్రోటీన్‌తో పాటే ఈ పొడిలోకి చేరతాయి. పచ్చి పప్పు ఎవరైనా నములుతారా? దీన్ని వండుకునే తినాలి. ఆ ఒక్క ముక్క పొట్లం మీద లేదు. పైగా, నీళ్లు పోసుకుని తాగుతున్న కండల మనిషి బొమ్మ ఉంది! “తర్వాతి ముద్రణలో మారుస్తాను సార్” అన్నాడు.

80 రకం కథ వేరు. దాని తొట్లు వెనక షెడ్డులో ఉన్నాయి. పిండిని నీళ్లలో కలిపి కాస్త క్షారం వేస్తే ప్రోటీన్ నీళ్లలోకి దిగుతుంది, గంజిపిండి అడుగున పేరుకుంటుంది. పైతేటను వేరు చేసి ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తే పాలు విరిగినట్టే తరకలు కడుతుంది. ఆ తరకలను కడిగి, పులుపు విరిచి, వేడిగాలిలో చిమ్మి ఆరబెడతారు. ఈ పొడి కడుపుకు తేలిక, ఆ మాట నిజం. కొంచెం ఉప్పగా ఉంటుంది. నీళ్లు మాత్రం విపరీతంగా తాగుతుంది, కిలో పిండికి పది లీటర్లు. ఎండాకాలం వస్తే కాగ్నా వాగులో ఇసుక తప్ప ఏమీ కనపడని ఊరు మాది. ఆ నీళ్ల లెక్క అడిగితే కుర్రాడు మాట మార్చాడు. బయట కాలువ దగ్గర పులిసిన గంజి వాసన ముక్కులు అదరగొట్టింది.

ఇక అసలు సంగతి. ఆ షెడ్డులో గోడవారగా పేర్చిన బస్తాలు నా కంట పడ్డాయి. ఒకటి మూతి విప్పి ఉంది. చెయ్యి పెట్టి తీస్తే గుండ్రంగా, నున్నగా, లేత పసుపు రంగులో ఉన్న గింజలు. బఠాణీలు. 2017 నవంబరులో 50 శాతం దిగుమతి సుంకం వేసి ఆపిన సరుకు, 2023 డిసెంబరులో సుంకం ఎత్తేయగానే ఓడల్లో వచ్చి పడింది. శనగపిండిలో కలిపి అమ్మేవాళ్లకు పండగ. మా మిల్లులో కంది ధర పడిపోయినప్పుడల్లా రైతులు తిట్టుకునేది వీటినే. కంది కొమ్మ బొమ్మ వేసిన పొట్లంలోకి పోయేది ఈ గింజా?

“బాబూ, ఇవి కందులా?” అన్నాను.

కుర్రాడు బొంకలేదు. కంది నూకతో తడి పద్ధతిలో తీస్తే పొడి మట్టి రంగుకు తిరుగుతోందట, చేదు మిగులుతోందట. బఠాణీతో తెల్లగా వస్తుందట, పైగా చవక. “55 రకం మాత్రం పూర్తిగా మన కందే సార్, ఒట్టు” అన్నాడు. నమ్మాను, ఆ గోదాములోని నూక మా మిల్లు నూకే, రంగు చూస్తే తెలుస్తుంది. కెనడాలో మానిటోబాలో రోకెట్ అనే ఫ్రెంచి సంస్థ ఏడాదికి 1,25,000 టన్నుల బఠాణీ ఆడించే కర్మాగారం 2021లో తెరిచింది. బఠాణీ పండే చోటనే పెట్టుకున్నారు, బఠాణీ అనే చెప్పి అమ్ముకుంటున్నారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏముంది? బఠాణీ ప్రోటీన్ మంచి సరుకే. దానికి మా ఊరి కంది పేరు తగిలించడం తప్పు. ఆ మాట ముఖం మీదే చెప్పాను. టీ ఇప్పించాడు గానీ పొట్లం సంగతి తేల్చలేదు.

కాబట్టి 80 రకం కొనవద్దని నా సలహా. 55 రకం కొనండి, తాగవద్దు, వండండి. మా ఇంట్లో ఇప్పుడు దానితో కందిపొడి చేస్తున్నాం. మందపాటి మూకుడులో, నూనె లేకుండా, సన్నని సెగ మీద పావుగంట కలుపుతూ వేపాలి. మొదటి ఐదు నిమిషాలు పసరు వాసన వస్తుంది, భయపడకండి. తర్వాత అది విరిగి, వేయించిన కందుల కమ్మని వాసన వీధిలోకి పోతుంది. అప్పుడు దించి ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచుకోవడమే. మామూలు కందిపొడి కంటే జిగురు ఎక్కువ, అందుకని నెయ్యి ఒక చుక్క ఎక్కువ పడుతుంది. సర్వపిండిలో నాలుగో వంతు కలిపినా బాగుంటుంది, కాకపోతే అంచులు త్వరగా ఎర్రబడతాయి, కన్ను తిప్పకూడదు. అంతకు మించి కలిపితే పిండి పగిలిపోతుంది.

వెళ్తే వెనక గేటు దగ్గర కూడా అడగండి. ప్రోటీన్ పోగా మిగిలిన లావు పిండి అక్కడ బస్తాల్లో ఉంటుంది, కిలో 40. బోర్డు లేదు, పొట్లం లేదు, సంచి మీరే తీసుకెళ్లాలి. జంతికల వ్యాపారులూ దాణా వాళ్లూ పట్టుకుపోతుంటారు. బస్తాకు ముప్పావు బస్తా ఇదే మిగులుతుంది, ఇది అమ్ముడైతేనే కర్మాగారం నిలబడుతుంది. చైనాలో షాన్‌డాంగ్‌లో బఠాణీ గంజితో సేమ్యా చేసేవాళ్లు పారబోసే నీళ్లలోంచి ప్రోటీన్ తీయడం మొదలుపెట్టారు. వాళ్లకు పిండి అమ్మకం ముందే ఉంది. మన కుర్రాడు ప్రోటీన్‌తో మొదలుపెట్టి, పిండి అమ్మకం తర్వాత చూసుకుంటున్నాడు. మా ఆవిడ ఐదు కిలోలు తెప్పించి బియ్యప్పిండితో సగం సగం కలిపి జంతికలు పోసింది. గుల్లగా, కరకరలాడుతూ, నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. ఆ కర్మాగారంలో అన్నిటికంటే రుచైన సరుకు అదే, నేను తినకూడని సరుకూ అదే. రెండు తిన్నాను.

అమ్మకం పొద్దున పది నుంచి ఐదు దాకా. పొట్లానికి జిప్పు సరిగ్గా పడదు, రాగానే సీసాలోకి మార్చుకోండి. లోపల ఇచ్చే చెంచా 30 గ్రాములదని రాశారు, కంసాలి త్రాసు మీద పెడితే 22 తూగింది.