రగ్బీ లీగ్ హెడ్‌గేర్: థర్స్టన్ పెట్టుకున్నాడని కొంటున్నారా?

ముందే తేల్చి చెప్పేస్తే, రగ్బీ లీగ్ ఆటగాళ్ళు తలకి పెట్టుకునే మెత్తటి ఫోమ్ హెడ్‌గేర్ చెవులకీ నెత్తి చర్మానికీ బాగా పనికొచ్చే వస్తువు. మెదడుకి మాత్రం కాదు. కొట్లో ఈ రెండో మాట ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. ధర పెద్దదేం కాదు, ఆస్ట్రేలియాలో మామూలు రకాలు నూరు డాలర్ల లోపే దొరుకుతాయి, క్లబ్ రంగులు కావాలంటే ఇంకాస్త అవుతుంది. నష్టమల్లా, "ఇది పెట్టాం కదా, ఇక తలకేం కాదు" అనే ధీమా కూడా దాంతోపాటే ఇంటికి వచ్చేయడం.

ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాడు జొనాథన్ థర్స్టన్ కెరీర్ చూడాలి. కాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌లో మొదలై, 2005 నుంచి 2018 దాకా నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కి ఆడాడు. ఎన్‌ఆర్‌ఎల్‌లో (అక్కడి పెద్ద రగ్బీ లీగ్ పోటీ) 323 మ్యాచ్‌లు, 2,222 పాయింట్లు, ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ పతకాలు నాలుగు, న్యూ సౌత్ వేల్స్‌తో ఏటా జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో క్వీన్స్‌లాండ్‌కి వరసగా 36 మ్యాచ్‌లు. 2015 గ్రాండ్ ఫైనల్లో చివరి క్షణాల్లో కైల్ ఫెల్ట్ ట్రై చేశాక (బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం), టచ్‌లైన్ పక్కనుంచి థర్స్టన్ కొట్టిన కన్వర్షన్ (ట్రై తర్వాత అదనపు పాయింట్ల కిక్కు) పోస్టుకి తగిలి బయటికి పోయింది. గోల్డెన్ పాయింట్‌లో (ముందు ఎవరు పాయింట్ చేస్తే వాళ్ళే గెలిచే అదనపు ఆట) అతని ఫీల్డ్ గోల్‌తోనే కౌబాయ్స్ 17-16తో బ్రిస్బేన్ మీద గెలిచి తొలి టైటిల్ అందుకుంది. ఇదంతా నెత్తిన హెడ్‌గేర్‌తోనే. ఆట అయ్యాక దాన్ని విప్పి గ్యాలరీలో ఉన్న ఏ పిల్లకో పిల్లాడికో ఇచ్చేసేవాడు. అక్కణ్నుంచి అది చిన్నపిల్లలందరికీ కావాల్సిన వస్తువైపోయింది.

ఇందులో కొనేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుంది. అలా తరచూ ఇచ్చేసే ఆటగాడి నెత్తిన ఫోమ్ ఎప్పుడూ కొత్తదే. మన ఇళ్ళలో ఒక్కటే మూడు సీజన్లు తిరుగుతుంది, ఆ తర్వాత తమ్ముడికి వస్తుంది. రెండూ ఒకటి కావు. ఇంకో సంగతి, 2017లో అతని సీజన్ ముగిసింది భుజం గాయంతో. ఆరిజిన్ రెండో మ్యాచ్‌లో ఆ భుజంతోనే చివరిదాకా ఆడి, గెలిపించే కన్వర్షన్ కొట్టి, ఆ ఏడాదికి ఆటనుంచి తప్పుకున్నాడు. అంత పొడుగు కెరీర్‌కి హెడ్‌గేరే కారణమని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

ఎదురు ఉదాహరణ కావాలంటే న్యూకాసిల్ నైట్స్ ఆటగాడు కాలిన్ పొంగా ఉన్నాడు. హెడ్‌గేర్ లేకుండా అతన్ని గుర్తుపట్టడమే కష్టం. అయినా 2022లో కొన్ని వారాల వ్యవధిలోనే పదేపదే కంకషన్లు (తల అదిరి మెదడు దెబ్బతినడం) తగిలి ఆ సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. మళ్ళీ వచ్చి 2023లో డాలీ ఎమ్ గెలిచాడనుకోండి, అది విశ్రాంతీ వైద్యం వల్ల.

కారణం సూటిగానే ఉంది. బైకు హెల్మెట్‌లో గట్టి డిప్ప, దాని లోపల నలిగి దెబ్బని మింగే మందపాటి పొర ఉంటాయి. రగ్బీ లీగ్ నియమాలు గట్టి వస్తువేదీ ఒంటిమీద ఉండనివ్వవు, ఎదుటివాడికి తగులుతుంది కాబట్టి. మిగిలింది సుమారు ఒక సెంటీమీటరు మెత్తటి ఫోమ్. గట్టి దెబ్బకి అది పూర్తిగా అణిగిపోతుంది, ఆపైన ఫోమ్ ఉన్నా లేనట్టే. పైగా కంకషన్ చాలాసార్లు తల ఒక్కసారిగా గిర్రున తిరగడం వల్ల, మెదడు లోపల కదలడం వల్ల వస్తుంది. నేల తలకి తాకకపోయినా, భుజానికి తగిలిన దెబ్బతో మెడ విసురుగా తిరిగినా చాలు. ఆస్ట్రేలియాలో రగ్బీ యూనియన్ (లీగ్‌కి వేరైన ఇంకో రకం రగ్బీ) ఆడే నాలుగు వేలమందికి పైగా కుర్రాళ్ళ మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పెట్టుకున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కంకషన్లలో తేడా కనపడలేదు. మందం పెంచి చేసిన రకంతో కూడా అంతే.

మరి దేనికి పనికొస్తుంది? చెవులకి. యూనియన్‌లో చెవులు పాడయ్యేది ఎక్కువగా స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ తలలు వంచి ఒకరినొకరు తోసుకునేచోట. లీగ్‌లో స్క్రమ్ పేరుకే, నిజమైన తోపులాట ఉండదు. ఇక్కడ చెవి నలిగేది ట్యాకిల్‌లో, అంటే ఎదుటివాడి తుంటికీ తొడకీ తల ఆనించి పట్టుకున్నప్పుడు. చెవి డొప్పలో రక్తం చేరి, తీయించకుండా వదిలేస్తే ముద్దగా గట్టిపడిపోతుంది. మధ్యలో ఆడే ఫార్వర్డ్‌లకి, ఒక్కో మ్యాచ్‌లో ముప్ఫై నలభై ట్యాకిల్స్ చేసేవాళ్ళకి ఇది నిజమైన బెడద. మ్యాన్లీ ఫార్వర్డ్ స్టీవ్ మెంజీస్ హెడ్‌గేర్‌తోనే 349 మ్యాచ్‌లు, 180 ట్రైలు పూర్తి చేశాడు. చెవి మీద ఫోమ్ ఉండటం అలాంటి ఆటకి అర్థమున్న పని. బూటు మేకులు గీసుకోవడం, తలా తలా తగిలి కనుబొమ్మ పైన చిట్లడం కూడా తగ్గుతాయి. వింగ్‌లో, అంటే మైదానం అంచున ఆడే పిల్లాడికైతే అంత అవసరం లేదు.

సైజు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. టేపుని కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన, వెనక తల ఉబ్బుగా ఉన్నచోట మీదుగా చుట్టి కొలవండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ స్మాల్ కావచ్చు, అందుకే అక్షరం చూడొద్దు, సెంటీమీటర్లు చూడండి. పెట్టాక ముందు వెనకున్న తాళ్ళు కిందినుంచి పైకి బిగించాలి, ఆ తర్వాతే గడ్డం పట్టీ. పళ్ళని కాపాడే మౌత్‌గార్డ్ నోట్లో పెట్టుకుని మరీ చూడాలి. అది లేకుండా సరిపోయిన పట్టీ, ఉన్నప్పుడు దవడని నొక్కేస్తుంది. పట్టీ కింద ఒక వేలు దూరాలి, రెండు దూరితే వదులు. ఆఖరి పరీక్ష: వెనకనుంచి కింది అంచు పట్టుకుని పైకి, ముందుకి తోయండి. కళ్ళ మీదికి జారితే ఆ సైజు వద్దు. ట్యాకిల్‌లో చెయ్యి పడేది సరిగ్గా అక్కడే, కళ్ళు మూసుకుపోయినవాడు రెండో దెబ్బని చూడలేడు. "పెరిగే పిల్లాడు కదా" అని ఒక సైజు పెద్దది తీసుకోవడం ఇక్కడ పనికిరాదు. తలకి నూనె రాసిన రోజు ఎంత బిగించినా జారుతుంది. జడ వేసుకునే అమ్మాయిలకి వెనక తాళ్ళ దగ్గర జడ బయటికి వచ్చేంత సందు ఉన్న రకమే నయం. జడని లోపల ముడిచి పెడితే తల మీద ఎత్తుగా నిలబడి మొత్తం కదులుతుంది.

చెవి దగ్గర రంధ్రం ఎంత ఉందో కూడా చూడండి. ఆటని నడిపించే హాఫ్‌బ్యాక్‌కి, అందరికన్నా వెనక ఆడే ఫుల్‌బ్యాక్‌కి తోటివాళ్ళ కేకలు వినపడటమే సగం ఆట. చెవి పూర్తిగా మూసే రకాలు వాళ్ళకి తగవు. గాలి రంధ్రాలు తక్కువున్నవి కౌబాయ్స్ సొంత ఊరు టౌన్స్‌విల్ లాంటి ఉక్క ఊళ్ళో హింసే.

సిడ్నీలో వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు మన కుటుంబాలు చాలా ఉన్నాయి, అది పారమాటా ఈల్స్ క్లబ్ గడ్డ. అక్కడ పిల్లాణ్ని క్లబ్‌లో చేర్చేవాళ్ళు మొదటి డబ్బు మౌత్‌గార్డ్ మీద పెట్టండి, వీలైతే దంతవైద్యుడు అచ్చు తీసి చేసేది. హెడ్‌గేర్ ఆ తర్వాత. రగ్బీ ప్రీమియర్ లీగ్ జట్టు హైదరాబాద్ హీరోస్‌ని చూసి రగ్బీ మొదలుపెట్టినవాళ్ళకి ఇంకో జాగ్రత్త: అది ఏడుగురి యూనియన్ ఆట, లీగ్ కాదు. యూనియన్‌లో వరల్డ్ రగ్బీ ఆమోద ముద్ర ఉన్నదే పెట్టుకోనిస్తారు. ఫోమ్ ఒక సెంటీమీటరు మందం, ఘనమీటరుకి 45 కిలోల సాంద్రత మించకూడదన్నది వాళ్ళ పాత కొలత. ముద్ర ఉన్నది కొంటే రెండు ఆటలకీ చెల్లుతుంది. లీగ్ కోసం అమ్మే మందపాటి రకాన్ని యూనియన్ రిఫరీ తీయించేయవచ్చు.

తల తిరిగినా, వాంతి వచ్చినా, అడిగినదానికి తడబడినా హెడ్‌గేర్ ఉందా లేదా అని చూడకుండా ఆట ఆపేయాలి. ఎన్‌ఆర్‌ఎల్‌లోనే అనుమానం వస్తే 15 నిమిషాలు బయట కూర్చోబెట్టి పరీక్షిస్తారు. కంకషన్ అని తేలితే 2023 నుంచి మామూలుగా కనీసం 11 రోజులు ఆట లేదు. పిల్లలకి ఇంకా ఎక్కువ కాలం ఆగాలి, వైద్యుడి అనుమతి లేకుండా దింపకూడదు.

వాడకంలో ముందు చచ్చేది ఫోమ్ కాదు, వెల్క్రో. గడ్డిపోచలు, వెంట్రుకలు ఇరుక్కుని పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో వారానికోసారి దువ్వితే సీజనంతా నిలుస్తుంది. మ్యాచ్ అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో కాస్త బేబీ షాంపూ వేసి, పిండకుండా అరచేతులతో నొక్కి, నీడలో ఆరేయాలి. డ్రయ్యర్ వద్దు, ఎండలో నిలిపిన కారు డిక్కీ అసలే వద్దు. వేడికి ఫోమ్ ముడుచుకుని సైజు మారిపోతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలినప్పుడు గుంట వెంటనే పైకి లేవకపోయినా, ముక్కల మధ్య కుట్టు దగ్గర చీలిక కనపడినా దాని పని అయిపోయినట్టే. తమ్ముడికి ఇచ్చేముందు చూడాల్సింది కూడా అదే గుంట.