కళింగపట్నంలో రొయ్యల బన్ను

శ్రీకాకుళం వచ్చేవాళ్లు చాలామంది అరసవల్లి, శ్రీకూర్మం దర్శనం చేసుకుని సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతారు. మేం ఈసారి రెండు రాత్రులు ఉన్నాం. ఒకటి ఊళ్లో, ఒకటి కళింగపట్నం దగ్గర. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ వాళ్ల పో బాయ్ శాండ్‌విచ్‌ని మన రొయ్యలతో, మన రుచిలో చెయ్యాలని నాకు చాన్నాళ్లుగా ఉంది. 1929లో అక్కడ ట్రామ్ కార్మికులు సమ్మె కడితే, ఒకప్పుడు ట్రాముల్లోనే పనిచేసిన మార్టిన్ సోదరులు వాళ్లకి ఉచితంగా శాండ్‌విచ్‌లు పెట్టారని, ఆ 'పూర్ బాయ్' మాటే పో బాయ్ అయిందని చెప్తారు. ఆకలితో ఉన్నవాడి కోసం పుట్టిన తిండి అనే నాకు దానిమీద అంత ఇష్టం.

రైలు దిగేది ఆమదాలవలసలో. స్టేషన్ పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్. ఊళ్లోకి ఇంకా దూరం ఉంది, ఆటో బేరం ముందే తేల్చుకోండి. ఊళ్లో దిగిన లాడ్జిలో ఏసీ బాగానే ఉంది కానీ, వేడినీళ్ల కోసం పొద్దున్నే మూడుసార్లు కిందికి ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. అరసవల్లికి దగ్గర కావడం ఒక్కటే దాని లాభం.

కళింగపట్నంలో బస మామూలు గది. దోమలున్నాయి, రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎందుకంటే ఇంటావిడ తన వంటగది ఇచ్చింది. తెల్లారి పడవలు ఒడ్డుకి రాగానే తెచ్చిన రొయ్యలు ఆమే ఒలిచి, వీపున నల్లనరం తీసి పెట్టింది. నేను బన్నులు బయటికి తీస్తుంటే, "ఏటి బాబూ, రొయ్యల్ని రొట్టిలో ఎట్టుకు తింతారా?" అంది.

అసలు పో బాయ్‌లో రొయ్యల్ని మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తారు. నేను చోడిపిండి (రాగిపిండి), బియ్యప్పిండి సగం సగం కలిపి, ఉప్పూ కారం వేశాను. చోడిపిండి ముందే ముదురు రంగు కాబట్టి వేగిందో లేదో చూసి చెప్పలేం. నూనెలో చిటపట తగ్గగానే తీసెయ్యాలి, ఒక్క నిమిషం ఆగినా రొయ్య రబ్బరు అయిపోతుంది. మొదటి వాయి నాకు అలాగే పోయింది.

మయొనీజ్ బదులు పలాస జీడిపప్పు నానబెట్టి మెత్తగా రుబ్బి, నిమ్మరసం పిండి, చివర్లో ఆవ పెట్టాను. ఆవ పొయ్యి మీద పెట్టకూడదు, వేడికి ఘాటు పోతుంది. పనసపొట్టు కూరలో ఆవ ఎలా ముక్కుకి తగులుతుందో ఇక్కడా అలాగే తగలాలి. ఊరబెట్టిన దోసకాయ చోట నిమ్మరసంలో నానిన ఉల్లిపాయ, పచ్చి మామిడి తురుము వేశాను.

తేడా వచ్చింది రొట్టెలోనే. అక్కడి రొట్టె పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటుంది. శ్రీకాకుళం బేకరీలో కొన్న బన్ను తియ్యగా ఉంది. చీల్చి, లోపలివైపు నెయ్యితో పెనం మీద ఎర్రగా కాల్చాక గట్టిపడింది గానీ తీపి పోలేదు. ఈసారి తీపి లేని పావ్ రొట్టె విశాఖ నుంచే తెచ్చుకుంటాను.

ఇంటావిడ మొదట ఒక రొయ్య విడిగా తింది. తర్వాత బన్ను అడిగింది. "ఆవ ఇంకొంచెం ఎట్టాల్సింది" అంది. నిజమే, నేను భయపడి తగ్గించాను.

ఒక్క మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. తాజా సరుకు కోసమే అయితే ఆ రెండు నెలలు వద్దు. మధ్యాహ్నం ఖాళీగా ఉంటే దగ్గర్లోనే శాలిహుండం కొండ ఉంది, బౌద్ధ స్తూపాల దగ్గర నుంచి కింద వంశధార కనిపిస్తుంది. మేం మిగిలిన నాలుగు బన్నులు కాగితంలో చుట్టి అక్కడికే పట్టుకెళ్లాం. రొయ్యల కరకర పోయింది కానీ, ఆవ ఘాటు మాత్రం అలాగే ఉంది.