ఆరేళ్లు వాడిన ఇద్దరి టెంటు, నా అనుభవం

2019 చివర్లో ఈ టెంటు కొన్నాను. ఇద్దరికి సరిపోతుంది, బరువు రెండున్నర కిలోల లోపే. లోపల దోమతెర, పైన వాన పట్ట, దేనికది విడిగా ఉంటాయి. ఆరు వేల చిల్లర అయింది. "ఆరు వేలు పోసి బట్ట ఇల్లు కొన్నవా బిడ్డా" అంది అమ్మ.

మొదట వేసింది సోమశిలలో. జనవరి దాటాక శ్రీశైలం జలాశయం నీళ్లు తగ్గుతూ ఒడ్డు బయటపడుతుంది. అక్కడి మొరంలో టెంటుతో వచ్చిన అల్యూమినియం మేకులు దిగవు. మొదటి రాత్రే నాలుగు వంగాయి. అప్పటి నుంచి మేకును తాడు ముడిలో అడ్డంగా దూర్చి, దాని మీద రెండు పెద్ద రాళ్లు పెడుతున్నాను. గాలికి ఇంతవరకు కదల్లేదు.

అసలు శత్రువు పల్లేరుకాయ. అడుగు బట్ట మూడు వేల మిల్లీమీటర్ల నీటి ఒత్తిడికి ఆగుతుందని అట్ట మీద రాశారు గానీ, పల్లేరు ముల్లు సంగతి రాయలేదు. వేపకొమ్మతో నేల ఊడ్చి, కింద పాత ఎన్నికల ఫ్లెక్సీ పరుస్తాను. ఫ్లెక్సీని టెంటు కంటే నాలుగు వేళ్లు లోపలికి కత్తిరించుకోవాలి. బయటికి వస్తే పట్ట మీది వాన నీళ్లన్నీ దాని మీద పడి మన వీపు కిందికే వస్తాయి. నాయకుడి ముఖం పైకి ఉంచాలా కిందికా అనేది మీ ఇష్టం.

నల్లమలలో మాత్రం ఈ టెంటుతో పని పడలేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేస్తే ఊరుకోరు. రాత్రి 9 దాటితే శ్రీశైలం రోడ్డు మీదే బండ్లు ఆపేస్తారు. అటు వెళ్తే గది చూసుకోవాల్సిందే.

దీనికి అసలు పరీక్ష 2023లో న్యూజిలాండ్‌లో జరిగింది. ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు "మామా, స్టూవర్ట్ ద్వీపంలో మూడు రోజులు నడుద్దాం రా" అన్నాడు. అక్కడి రాకియూరా దారి 32 కిలోమీటర్లు. నడిచేవాళ్లు రాత్రి పడుకునే గుడిసెలు, అంటే హట్లు, రెండే: పోర్ట్ విలియం, నార్త్ ఆర్మ్. హట్టయినా టెంటు జాగా అయినా ముందే బుక్ చేసుకోవాలి, వెళ్లి అడుగుదాంలే అంటే కుదరదు. టెంటు జాగా చౌక. మేం మొదటి రాత్రికి పోర్ట్ విలియంలో టెంటు జాగా, రెండో రాత్రికి నార్త్ ఆర్మ్ హట్టు తీసుకున్నాం. ఈ వరుస వాడి ఆలోచనే. లీ బే నుంచి మొదటి రోజు నడక 8 కిలోమీటర్లే, ఒళ్లు అలవదు, టెంట్లో పడుకోవచ్చు. రెండో రోజు 13 కిలోమీటర్ల బురద. దాని తర్వాత కట్టెల పొయ్యి, పరుపు ఉన్న హట్టు దొరికితే బట్టలు ఆరతాయి. హట్లలో వంట పొయ్యి ఉండదు, చిన్న గ్యాస్ స్టవ్ మనమే మోసుకెళ్లాలి. విమానంలో గ్యాస్ డబ్బా రానివ్వరు కాబట్టి అక్కడే కొనాలి.

వాడిన టెంటు, బూట్లు ఉంటే న్యూజిలాండ్‌లో దిగగానే విమానాశ్రయంలో చెప్పి తీరాలి. రెండు రోజులు మేడ మీద బ్రష్‌తో రుద్ది, ఎండలో ఆరేసి తీసుకెళ్లాను. అయినా అధికారి మూల కుట్టులోంచి చిమటాతో ఒక్క పల్లేరుకాయ లాగి, నా ముఖం ముందు పట్టుకుంది. సోమశిలది! కవర్లో వేసుకుని టెంటు తిరిగి ఇచ్చేసింది. నాకైతే చెమటలు పట్టాయి.

పోర్ట్ విలియంలో టెంటు వేసిన రాత్రి వాన లేదు. పొద్దున లేచేసరికి పట్ట లోపలి వైపంతా నీటి చుక్కలు, నిద్రసంచి తలవైపు తడి. పట్ట కారిందని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే మా ఇద్దరి ఊపిరే. చలికి పైనున్న గాలి కంత మూసేశాం. సోమశిలలో వాన పట్ట వేయకుండానే పడుకునేవాణ్ని, అందుకే ఈ సంగతి మూడేళ్లయినా తెలియలేదు. చలి ఎంతున్నా ఆ కంత తెరిచే ఉంచండి.

ఇప్పుడు నా తప్పు. తిరిగొచ్చాక సరిగ్గా ఆరబెట్టకుండా చుట్టి సజ్జ మీద పడేశాను. మే నెల నల్గొండ ఎండకి గది కొలిమిలా అయింది. జూన్‌లో విప్పితే పులిసిన వాసన, చేతికి జిగురు. పట్ట లోపలి పాలియురేథేన్ పూత తేమకీ వేడికీ కుళ్లి పొట్టులా రాలింది, కుట్ల మీది టేపు ఊడింది. కుట్లకి సీలెంట్ పూశాను గానీ పూత తిరిగి రాదు. గంట వానకి ఆగుతుంది, రాత్రంతా అయితే ఆగదు.

మిగతాదంతా బాగుంది. కర్రలు వంగలేదు, దోమతెర చిరగలేదు. జిప్పు ఒకసారి పట్టు తప్పితే క్లాక్ టవర్ దగ్గర బ్యాగులు కుట్టే ఆయన అరవై రూపాయలకి మార్చాడు. మా మేనల్లుడు కొత్తది కొనమంటున్నాడు. టెంటు మార్చను, వాన పట్ట ఒక్కటే విడిగా దొరికితే చాలు.