ఐదుగురికి ఎంత ఇల్లు చాలు: పద్దెనిమిదేళ్లు, మూడు ఇళ్లు

మా ఇంట్లో ఐదుగురం: నేను, మా వారు, అత్తగారు, ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి మూడేళ్లప్పుడు చేరిన మొదటి ఇల్లు గోడకూ గోడకూ మధ్య లోపలి కొలతతో 520 చదరపు అడుగులు. అందులో ఏడేళ్లున్నాం, అమ్మాయి అక్కడే పుట్టింది. రెండోది 1,140 చదరపు అడుగులు, అందులో ఆరేళ్లు. ఇప్పుడున్నది 780, ఇక్కడికి వచ్చి ఐదేళ్లు దాటింది. ఇరుకైనదీ, విశాలమైనదీ, రెండింటికీ మధ్యస్థంగా ఉన్నదీ మూడూ వాడి చూసినదాన్ని కాబట్టి, ఇంటి వైశాల్యాన్ని ఒక వస్తువుగా భావించి ఈ సమీక్ష రాస్తున్నాను.

కొలతల గురించి ముందే ఒక మాట చెప్పాలి. రెండో ఇంటిని మాకు అమ్మినవారు కాగితం మీద 1,500 అని చూపారు. మెట్లు, లిఫ్టు, వరండాలలో మా వాటా, గోడల మందం అన్నీ అందులో కలిసి ఉన్నాయి. చేరిన మొదటి వారంలో మా వారు టేపు పట్టుకుని గది గది కొలిస్తే లోపల తేలింది 1,140. మంచం వేసుకునేది, నడిచేది ఆ 1,140లోనే కాబట్టి ఇక్కడ చెప్పే అంకెలన్నీ లోపలి కొలతలే.

మొదటి ఇంట్లో మమ్మల్ని బాధపెట్టింది స్థలం తక్కువ కావడమని చాలా కాలం అనుకున్నాను. అసలు ఇబ్బంది రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకే ఉండేది. ఆ రెండు గంటలలోనే అబ్బాయి చదువుకోవాలి, అత్తగారు నిద్రపోవాలి, మా వారు ఆఫీసు వాళ్లతో ఫోనులో మాట్లాడాలి, చంటిపిల్ల ఏడవాలి. ఇంట్లో వేసుకోవడానికి వీలున్న తలుపు మాత్రం, స్నానాలగదిది మినహాయిస్తే, ఒక్కటే. మా వారు బాల్కనీలోకి వెళ్లి ఒక చెవి మూసుకుని మాట్లాడేవారు. మిగిలిన 22 గంటలు ఆ 520 అడుగులు మాకు సరిపోయాయనే చెప్పాలి.

ఈ సంగతి అర్థం కాకపోవడం వల్లనే దానికి రెట్టింపు కంటే పెద్ద ఇల్లు తీసుకున్నాం. మూడు పెద్ద పడకగదులు, అతిథులకని ఇంకొకటి, 300 అడుగుల హాలు. మొదటి సంవత్సరం సంతోషంగానే గడిచింది. రెండో ఏడు ఊరికే కుతూహలం కొద్దీ ఒక వారం పాటు, ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు అరగంటకొకసారి ఎవరు ఏ గదిలో ఉన్నారో పాత డైరీలో రాసిపెట్టాను. అతిథుల గది తలుపు ఆ వారంలో రెండే సార్లు తెరుచుకుంది: ఒకసారి ఊడ్వడానికి, ఇంకోసారి అటక మీది సూట్‌కేసు దించడానికి. ఆదివారం సాయంత్రం అయిదుగురమూ హాల్లోనే, అదీ ఫ్యాను కింద, పన్నెండడుగుల చాప పట్టేంత మేరలోనే ఉన్నాం. ఊడ్చి తుడవడానికి పాత ఇంట్లో అరగంట పడితే ఇక్కడ గంటకు తగ్గేది కాదు. ఖాళీ గది ఖాళీగా ఉండదు కూడా. పనికిరాని కుర్చీ, విరిగిన సైకిలు, ఎప్పుడో చదువుదామని దాచిన పత్రికలు ఒక్కొక్కటిగా వెళ్లి అక్కడ చేరాయి.

ఆ డైరీ చూశాకే నా లెక్క మారింది. మనిషికి ఇన్ని అడుగులు అని లెక్క కట్టడం కంటే, ఆ ఇంట్లో ఒకే వేళకు ఎన్ని తలుపులు మూసుకోవలసి వస్తుందో చూడటం మేలు. మాకు తేలినవి మూడు. అందుకే ఇప్పటి ఇంట్లో పడకగదులు మూడు, వాటిలో ఒకటి ఏడడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవే అయినా అబ్బాయి ఆ 63 అడుగులతో తృప్తి పడ్డాడు. తలుపు తనది కావడమే వాడికి కావలసింది.

దీని తరువాత చూడవలసినది సామాన్ల మధ్య మిగిలే దారి. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న మంచాన్ని పొడవూ వెడల్పూ పదేసి అడుగులున్న గదిలో వేస్తే దాని కాళ్ల వైపు మూడున్నర అడుగులు మిగులుతాయి. అక్కడే రెండడుగుల లోతున్న బీరువా పెడితే మిగిలేది అడుగున్నర. బీరువా తలుపు సగం తెరుచుకుని మంచానికి తగులుతుంది. ఆ గది పొడవు ఇంకొక్క అడుగు ఎక్కువుంటే ఈ ఇబ్బంది ఉండదు. రెండో ఇంటి హాల్లో వృథాగా పడి ఉన్న 150 చదరపు అడుగుల కంటే సరైన చోట దొరికే ఆ పది చదరపు అడుగులు విలువైనవి. ఇప్పటి ఇంటికి రాకముందు ఖాళీ నేల మీద సుద్దముక్కతో మంచాలు, బల్ల గీసి, కుర్చీ వెనక్కి జరిపితే పక్కనుంచి మనిషి వెళ్లగలడో లేదో నడిచి చూసుకున్నాం. మా అమ్మాయికి అదొక తొక్కుడుబిళ్ల ఆట అయింది గాని, ఆ ఒక్క మధ్యాహ్నం మాకు చాలా తప్పులు తప్పించింది.

అయినా ఒక తప్పు మిగిలింది. మూడేళ్ల కిందట అత్తగారికి తుంటి ఎముక విరిగి వాకర్ వాడవలసి వచ్చింది. వాకర్ వెడల్పు 25 అంగుళాలు. స్నానాలగది ద్వారం 28 అంగుళాలే గాని, తెరిచిన తలుపు రెక్క మందం పోగా మిగిలేది 26. లెక్క ప్రకారం పట్టాలి. కాని వాకర్‌ను పట్టుకున్న చేతివేళ్లను నేను లెక్కలో వేయలేదు. ఆవిడ కణుపులు చట్రానికి రాసుకుని తోలు లేచాక, ఆ తలుపు తీయించి గోడ పక్కకు జరిగే తలుపు పెట్టించాం. చక్రాల కుర్చీ వెనుదిరగడానికి సుమారు ఐదడుగుల వ్యాసం గల ఖాళీ కావాలి. అది మా స్నానాలగదిలో లేదు. రేపు అవసరమైతే ఏం చేయాలో నా దగ్గర సమాధానం లేదు.

వంటగది 71 చదరపు అడుగులు. మార్గరెటే ష్యుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాల కోసం రూపొందించిన ప్రసిద్ధమైన వంటగది కూడా 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంటే సుమారు 70 చదరపు అడుగులే. అడుగులు వేసే శ్రమ తగ్గించడమే ఆవిడ ఉద్దేశం, నాకు అది అక్షరాలా అనుభవమైంది: రెండో ఇంట్లో పొయ్యి నుంచి సింకుకు తొమ్మిది అడుగులు వేసేదాన్ని, ఇక్కడ ఒక్క అడుగు వేసి తిరిగితే చాలు. అయితే ఆ వంటగదికి వచ్చిన ఆక్షేపణే మా దానికీ వర్తిస్తుంది. రెండు గట్ల మధ్య మూడున్నర అడుగులే ఉండటంతో ఇంకొకరు సాయానికి వస్తే మోచేతులు తగులుతాయి. సాయం చేయకపోవడానికి ఇంట్లో అందరికీ ఇదొక మంచి సాకు.

సామాను దాచుకునే చోటు మాత్రం చాలలేదు. ఇంగ్లండులో 2015 నుంచి ఉన్న ప్రమాణం ప్రకారం మూడు పడకగదుల్లో ఐదుగురుండే ఒకే అంతస్తు ఇంటికి కనీసం 86 చదరపు మీటర్లు (సుమారు 925 చదరపు అడుగులు), అందులో 2.5 చదరపు మీటర్లు సామానుకే ఉండాలి. మొదటి అంకె అందకపోవడం మాకు కొరత అనిపించలేదు, రెండోది అనిపించింది. మంచాల కింద పెట్టెలు, తలుపు వెనుక కొక్కేలు ఎన్ని పెట్టినా పరుపులు, దుప్పట్లు ఇప్పటికీ హాల్లో ఒక మూల దొంతరగానే ఉన్నాయి. మళ్లీ ఇల్లు వెతికితే హాల్లో ముప్పై అడుగులు తగ్గించుకుని అయినా తలుపున్న సామాన్ల గది అడుగుతాను.

నిరుడు అబ్బాయి పై చదువుకు వేరే ఊరు వెళ్లాడు. వాడి 63 అడుగుల గదిలోకి మా వారు తన పనిబల్ల చేర్చారు, నేను బట్టలు ఆరేసే స్టాండు పెట్టాను. సెలవులకు వచ్చినప్పుడు వాడు ఆ రెండింటినీ మాట్లాడకుండా హాల్లోకి లాగి తలుపు వేసుకుంటాడు.