పిల్లులున్నవాళ్లు జాగ్రత్త: సీసా మీద ‘పెట్ సేఫ్’ అని ఉంది కదా అని ఎసెన్షియల్ ఆయిల్ కొనేయకండి

మా పిల్లికి ఒంటి మీద పురుగులు పట్టాయని ఆన్‌లైన్‌లో ఒక ఎసెన్షియల్ ఆయిల్, అంటే మొక్కల నుంచి తీసే ఘాటు వాసన నూనె, తెప్పించాను. సీసా మీద పెద్దక్షరాల్లో ‘100% సహజం, పెట్ సేఫ్’, పక్కనే కుక్కా పిల్లీ కలిసి కూర్చున్న బొమ్మ. మెడ వెనక ఎన్ని చుక్కలు వేయాలో వాళ్లే రాశారు, సరిగ్గా అన్నే వేశాను. రాత్రికల్లా పిల్లి గడ్డమంతా చొంగతో తడిసిపోయింది, నాలుగడుగులు వేస్తే వెనక కాళ్లు పక్కకి జారిపోతున్నాయి, చెయ్యి వేస్తే ఒళ్లంతా సన్నగా వణుకు తెలుస్తోంది. డాక్టర్ గారు దాని మెడ దగ్గర వాసన చూసి అడిగిన మొదటి మాట, “టీ ట్రీ ఆయిల్ రాశారా?” అని (తేయాకుది కాదు, ఆస్ట్రేలియాలో పెరిగే ఒక చెట్టు ఆకుల నూనె). సీసా వెనక్కి తిప్పి చూస్తే ‘ఎసెన్షియల్ ఆయిల్స్ మిశ్రమం’ అని తప్ప ఏ నూనె, ఎంత శాతం అన్న ముక్కే లేదు! (ఇప్పుడు కోలుకుంది, తిండి తింటోంది, టెన్షన్ పడకండి.)

అమ్మినవాళ్లు ముందు మీరే ఎక్కువ రాసి ఉంటారన్నారు, తర్వాత మూత తీశారు కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. నాకు ఒళ్లు మండింది మాత్రం ఆ తర్వాత జరిగినదానికి: నా ఫిర్యాదుకి జవాబు లేదు గానీ అమ్మకం పేజీలో పిల్లి బొమ్మ మాయమై ‘కుక్కలకు మాత్రమే’ అని వచ్చింది. పాత పేజీ స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది.

కుక్కలకైనా ఇది క్షేమం కాదు. అమెరికాలో జంతువుల విష ప్రమాదాలకు సలహా ఇచ్చే ఏఎస్‌పీసీఏ కేంద్రానికి 2002 నుంచి 2012 వరకు వచ్చిన 443 చిక్కటి టీ ట్రీ ఆయిల్ కేసులను పరిశీలిస్తే అందులో ఎక్కువ కుక్కలే, పైగా 89 శాతం కేసుల్లో నూనెను కావాలని వాడినవే తప్ప సీసా ఒలికిపోయి జరిగినవి కావు. లక్షణాలు 2 నుంచి 12 గంటల్లో మొదలై 72 గంటల దాకా ఉండొచ్చు. పిల్లుల సంగతి ఇంకా కష్టం, ఇలాంటి పదార్థాలను విరిచి బయటికి పంపడానికి మన కాలేయం చేసే గ్లూకురోనిడేషన్ అనే పని వాటిలో చాలా బలహీనం, దానికి తోడు ఒంటి మీద ఏది పడినా నాకేస్తాయి, అంటే చర్మం నుంచీ నోటి నుంచీ రెండు దారుల్లోనూ లోపలికి పోతుంది.

టీ ట్రీ ఒక్కటే కాదు. లవంగం, దాల్చినచెక్క, యూకలిప్టస్, పుదీనా, నిమ్మజాతి నూనెలు కూడా అంతే. నొప్పి మందుల్లో వాడే వింటర్‌గ్రీన్ అనే మొక్క నూనెలో ఉండే మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ జాతిదే, పిల్లులకు అదీ ప్రమాదమే. పురుగులకు మందని అమ్మే పెన్నీరాయల్ (పుదీనా జాతి మొక్క) నూనె అయితే కాలేయాన్నే దెబ్బతీస్తుంది, దాని జోలికే వెళ్లకండి. ‘థెరప్యూటిక్ గ్రేడ్’ (వైద్యానికి పనికొచ్చే నాణ్యత) అని రాసుంటే మోసపోకండి, అది కంపెనీలు తమకు తాము తగిలించుకునే బిరుదు, వెనక ప్రభుత్వ ప్రమాణం ఏమీ లేదు.

డిఫ్యూజర్ (నూనె వాసనను గదిలోకి వదిలే పరికరం) పెట్టుకునేవాళ్లకు: నీటిని కంపనాలతో తుంపరగా మార్చే అల్ట్రాసోనిక్ రకం వదిలే సన్నటి తుంపర గాల్లోనే ఉండిపోదు, బొచ్చు మీద వాలుతుంది. తప్పదనుకుంటే తలుపు వేసిన గదిలో, జంతువు లోపల లేనప్పుడు కాసేపు పెట్టుకోండి. ఇంట్లో పక్షులుంటే అది కూడా వద్దు, వాటి ఊపిరితిత్తులు చాలా సున్నితం. ఆస్తమా ఉన్న పిల్లి ఉన్నా అంతే.

ఒకవేళ ఒంటి మీద పడితే వెంటనే గిన్నెలు తోమే లిక్విడ్ సోప్, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తుడిచి, చలి వేయకుండా చూస్తూ డాక్టర్‌కి ఫోన్ చేయండి. నోట్లోకి పోయిందని మాత్రం వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. సీసా వెంట తీసుకెళ్లండి, లేబుల్ పనికిమాలినదైనా వాసనైనా పనికొస్తుంది.

ఇలాంటి సీసా మీ ఇంట్లో ఉంటే వెనక వైపు చూడండి. నూనె పేరు, శాతం రాసి లేకపోతే జంతువు మీద వాడకండి, అమ్మినవాళ్లకి రాతపూర్వకంగా అడగండి, అంతకంటే ముందు వాళ్ల పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.