ఈసీఆర్‌జీనా, టేరా? స్టేట్ యూనివర్సిటీ వాళ్లకి ఏది మేలు

రీసెర్చ్ గ్రాంట్లకి దరఖాస్తులు పిలిచారంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చేసేది ఎక్కువగా స్టేట్ యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు. "సార్, ఎర్లీ కెరీర్ గ్రాంట్‌కి పెట్టమంటారా, టేర్‌కి పెట్టమంటారా?" మొదటిది, ఈసీఆర్‌జీ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల సొంత ప్రాజెక్టుకిచ్చే డబ్బు. రెండోది, టేర్, మనలాంటి టీచర్లు పెద్ద సంస్థకి వెళ్లి పరిశోధన చేసే స్కీము. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా రాసి పెడితే నయమనిపించింది.

శాస్త్ర పరిశోధనకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ పోయి, 2023 చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. పోర్టల్ పేరు మారింది, స్కీముల పేర్లు కొన్ని మారాయి. మన సంస్థ ఒప్పుకుంటున్నట్టు ఇచ్చే ఎండార్స్‌మెంట్ లెటర్ కోసం రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం మాత్రం మారలేదు.

డబ్బు చూస్తే పోలికే లేదు. ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ కింద మూడేళ్లకి 60 లక్షల దాకా అడగొచ్చు, ఓవర్‌హెడ్స్ (సంస్థ నిర్వహణ ఖర్చులకిచ్చేది) దానికి అదనం. టేర్‌కి సెర్బ్ రోజుల్లో పెట్టిన లెక్క ఏడాదికి 5 లక్షలు. అందులో సగం మనకి, సగం మనం వెళ్లి పనిచేసే హోస్ట్ సంస్థకి. మన చేతికి విడిగా ఏడాదికి 60 వేల ఫెలోషిప్. ఇక ఖర్చు చూడండి: ప్రాజెక్టులో పెట్టుకునే స్కాలర్‌కి, అంటే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)కి నెలకి 37 వేలు, మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) అయితే 42 వేలు. మూడేళ్లకి దాదాపు 14 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ కలిపితే 15 దాటుతుంది. అంటే ఈసీఆర్‌జీలో ఒక స్కాలర్‌ని పెట్టుకుని, ఒక మోస్తరు ఇన్‌స్ట్రుమెంట్ కొనుక్కుని, కెమికల్స్‌కి కూడా మిగుల్చుకోవచ్చు. టేర్‌లో మన వాటా రెండున్నర లక్షలు జేఆర్‌ఎఫ్ ఏడాది జీతానికే చాలవు.

అందుకే అందరూ ముందు ఈసీఆర్‌జీ వైపే పరుగెడతారు. నేనూ అలాగే పరుగెత్తాను.

నా మొదటి ప్రపోజల్ ఒక నిధుల సంస్థకి పంపినప్పుడు ఐడియా బాగుందన్నారు, పబ్లికేషన్లు బాగున్నాయన్నారు. ప్రెజెంటేషన్ అయ్యాక కమిటీలో ఒకాయన అడిగింది ఒక్కటే: "ఈ శాంపిల్స్ క్యారెక్టరైజేషన్ (నిర్మాణం, గుణాల పరీక్ష) ఎక్కడ చేస్తారు?" మా డిపార్ట్‌మెంట్‌లో ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో పదార్థం నిర్మాణం చూసే మెషిన్) ఉందని చెప్పాను. ఉన్న మాట నిజమే, దాని ఎక్స్-రే ట్యూబ్ పోయి రెండేళ్లయిందని చెప్పలేదు. ఆయన ఊరుకోలేదు. "దాని మీద తీసిన డేటా ఒకటి చూపించండి" అన్నారు. పీహెచ్‌డీ చేసిన చోట తీసిన గ్రాఫులు తప్ప నా దగ్గర ఏమీ లేవు. అక్కడితో అయిపోయింది. అప్పుడు ఒళ్లు మండింది కానీ, ఆ కుర్చీలో నేనున్నా అదే అడిగేవాణ్ని.

నా దృష్టిలో తేల్చేది ఇదే. మీరిప్పుడున్న చోట, మీ చేత్తో తీసిన డేటా మీ దగ్గర ఉందా? పీహెచ్‌డీ గైడ్ ల్యాబ్‌లోదో, పోస్ట్‌డాక్ చేసిన చోటిదో లెక్కలోకి రాదు. ఐఐటీలో చేరినవాళ్లకి ఈ బాధ లేదు, అందరూ వాడుకునే సెంట్రల్ ఫెసిలిటీ పేరు రాస్తే చాలు. మనకి సౌకర్యాల గురించి రాసే పేరాయే ప్రపోజల్ మొత్తానికీ ప్రాణం.

ఆ పేరా రాయడానికి మూడు వాక్యాలకి మించి లేవంటే, టేర్‌తో మొదలుపెట్టమంటాను. ఏడాదికి 90 రోజులు హోస్ట్ దగ్గర పనిచేయాలి. సెలవులన్నీ దానికే పోతాయి, ఇంట్లో మాటలు పడాలి, "మరి క్లాసులు ఎవరు చెప్తారు?" అని హెడ్ గారు అడుగుతారు. కానీ హైదరాబాద్‌లోని కెమికల్ టెక్నాలజీ సంస్థ ఐఐసీటీలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఎన్‌ఐటీ వరంగల్‌లోనో, ఐసర్ తిరుపతిలోనో ఇన్‌స్ట్రుమెంట్ ముందు కూర్చుని తీసిన డేటా మీ పేరు మీద ఉంటుంది. తర్వాత పెట్టే పెద్ద ప్రపోజల్‌లో సౌకర్యాల గురించి రాసేటప్పుడు చెయ్యి వణకదు.

దీనికి అడ్డొచ్చేది వయసు. ఈసీఆర్‌జీకి 42 ఏళ్ల గీత ఉంది (కొన్ని వర్గాలకి సడలింపు ఉంటుంది, నోటీసులో చూసుకోండి). మీకు 33 అయితే మూడేళ్లు టేర్‌లో గడిపినా నష్టం లేదు. 39 దాటితే ఈ సలహా మీకు కాదు. ఉన్న డేటాతోనే, పక్క డిపార్ట్‌మెంట్ ఫెసిలిటీ వాడుకుంటామని వాళ్ల దగ్గర లెటర్ తెచ్చి జతచేసి, ఈసీఆర్‌జీకి పెట్టేయండి. లెటర్ లేకుండా "వాడుకుంటాం" అని రాస్తే ఎవరూ నమ్మరు.

టేర్‌లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. డబ్బు రెండు చోట్లకి వెళ్తుంది కాబట్టి యూసీ (డబ్బు ఎలా వాడామో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్) కూడా రెండు చోట్ల నుంచి రావాలి. మార్చి 31 దాటాక మన ఫైనాన్స్ ఆఫీసులో సంతకం పెట్టించుకోవడమే ఒక యజ్ఞం, దానికి తోడు హోస్ట్ అకౌంట్స్ సెక్షన్‌కి కూడా ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. యూసీ, ఖర్చుల స్టేట్‌మెంట్ అందకపోతే తర్వాతి వాయిదా కదలదు. ఏప్రిల్ మొదటి వారంలోనే యూసీకి వాడే 12-ఏ ఫారం నింపి రెండు చోట్లా ఇచ్చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక మిగతావి. మ్యాథ్స్, థియరీ వాళ్లకి ఈ గొడవంతా లేదు, వాళ్ల కోసమే మ్యాట్రిక్స్ అనే గ్రాంట్ ఉంది. సెర్బ్ లెక్కలో ఏడాదికి 2 లక్షలే అయినా కాగితం, కంప్యూటర్‌తో పనయ్యేవాళ్లకి చాలు. ఒక పెద్ద సంస్థ (హబ్) కింద చిన్న సంస్థలు (స్పోక్‌లు) కలిసి పనిచేసే పెయిర్ స్కీములో మీ యూనివర్సిటీ ఒక స్పోక్ అయితే సంతోషమే, కానీ అది సంస్థల స్థాయిలో జరిగేది, మీరొక్కరూ అనుకుంటే అయ్యేది కాదు. పని మొదలుపెట్టడానికి యూనివర్సిటీ సీడ్ మనీ ఇస్తే ఎంతైనా తీసుకోండి.

ఇంకొక్కటి. టేర్‌కి హోస్ట్‌ని వెతికేటప్పుడు పెద్ద పేరున్న ప్రొఫెసర్ వెంటపడకండి. ఆయన ల్యాబ్‌లో ఉన్న స్కాలర్‌ని టీకి పిలిచి, "మెషిన్ మీద స్లాట్ ఎన్ని రోజులకి దొరుకుతుంది?" అని అడగండి. నెల అన్నాడంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి. మీకున్నది 90 రోజులే.